కథల సంకలనం వేస్తున్నారా? రచయితల అనుమతి ఇలా తీసుకోండి

తెలుగు సంకలనాల్లో ముందుమాట చివరనో కృతజ్ఞతల పేజీలోనో తరచూ ఒక విన్నపం కనిపిస్తుంది: కొందరు రచయితల చిరునామాలు దొరకలేదు, అనుమతి తీసుకోలేకపోయాం, పెద్ద మనసుతో మన్నించండి అని. అది రాసినవారు చెడ్డవారు కారు. కథ మీద ప్రేమతో చేతి డబ్బు పెట్టుకుని పుస్తకం వేసినవారే. కానీ అచ్చు వేశాక మన్నించమనడం వేరు, వేయడానికి ముందు అడగడం వేరు.

ఒక పుస్తక ప్రదర్శనలో నా పక్కన నిలబడి ఒక సంకలనం తిరగేస్తున్న పెద్దావిడ ఒక పేజీ దగ్గర ఆగిపోయారు. "ఇది మా నాన్న కథ" అన్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. ఆ పుస్తకం వచ్చి అప్పటికి రెండేళ్లు. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వాళ్ల ఇల్లు ఆ ఊళ్లోనే ఉంది. వాళ్ల నాన్నగారి కథల సంపుటిలో "ప్రతులకు" అని అచ్చయిన చిరునామా కూడా అదే. చివరికి ఆవిడ పర్సు తీసి, తన తండ్రి కథ ఉన్న పుస్తకాన్ని డబ్బిచ్చి కొనుక్కుని వెళ్లారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా జిల్లా కథల సంకలనం పని నా చేతికి వచ్చింది. 27 కథలు ఎంచుకున్నాం. అనుమతులకే ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నేర్చుకున్న పద్ధతినే మీకు వరుసగా చెబుతాను. కవితలకైనా, వ్యాసాలకైనా, సంస్థ ప్రత్యేక సంచికకైనా దారి ఇదే.

కథ ఎంచిన రోజే పట్టిక మొదలుపెట్టండి

డీటీపీ అయిపోయి, ప్రూఫులు దిద్దాక అనుమతుల గురించి ఆలోచిస్తే ఎవరైనా "కాదు" అన్నప్పుడు మీకు కోపం వస్తుంది. అప్పటికే పేజీలు కట్టేసి ఉంటాయి మరి. అందుకే కథ ఎంపికతోపాటే ఒక నోటుపుస్తకమో కంప్యూటర్‌లో ఒక పట్టికో తెరవండి. కథ పేరు, రచయిత అసలు పేరు, కలం పేరు, మొదట ఏ పత్రికలో ఏ తేదీన వచ్చింది, తర్వాత ఏ సంపుటిలో చేరింది, రచయిత ఉన్నారా, లేకుంటే ఏ ఏడాది పోయారు, ఇప్పుడు హక్కు ఎవరిది, ఉత్తరం ఎప్పుడు పంపారు, జవాబు ఏమిటి, షరతులు ఏమిటి. చివర ఇంకొక గడి కూడా గీయండి: పుస్తకం చేతికి అందిన తేదీ. దాని సంగతి తర్వాత చెబుతాను.

కథతోపాటు వచ్చే మిగతావాటినీ విడిగా రాసుకోండి. వారపత్రికలో ఆ కథకు వేసిన బొమ్మ మీకు నచ్చి దాన్నీ వాడాలనుకుంటే, అది వేరే రచన, దాని హక్కుదారు వేరే మనిషి. రచయిత ఫోటో ఇంకొకటి. కథ మధ్యలో సినిమా పాట చరణం మొత్తంగా ఉంటే అదీ రాసుకోండి.

గడువు లెక్క సరిగా వేయండి

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత బతికున్నంత కాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ రచనపై హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లను పోయిన తేదీ నుంచి కాదు, మరుసటి జనవరి 1 నుంచి లెక్కించాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961 ఫిబ్రవరిలో కన్నుమూశారు. లెక్క 1962 జనవరి 1న మొదలై 2021 డిసెంబరు 31తో ముగిసింది. 2022 నుంచి ఆయన జీవితకాలంలో అచ్చయిన కథలను ఎవరైనా వేసుకోవచ్చు. 1915లో పోయిన గురజాడ విషయంలో సందేహమే లేదు. చలం 1979లో పోయారు కాబట్టి ఆయన రచనలపై హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. శ్రీశ్రీ 1983లో పోయారు, 2043 చివరి దాకా.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు, రచన వయసు చూడటం. "1930ల నాటి కథ కదా, ఇంకా హక్కులేమిటి" అంటారు. కథ ఎప్పటిదన్నది కాదు, రచయిత ఎప్పుడు పోయారన్నదే ప్రశ్న. ఈ 60 కూడా మొదటి నుంచీ 60 కాదు. ఒకప్పుడు 50 ఏళ్లే ఉండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు. ఆయన స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న ఆయన రచనల హక్కులు 1991తో ముగియబోతుండగా ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టాన్ని సవరించి మరో పదేళ్లు కలిపింది. పాత పుస్తకాల్లో మీకు "50 ఏళ్లు" అని కనిపిస్తే కారణం అదే.

రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకు, ఎవరు రాశారో తెలియకుండా మారుపేరుతో వచ్చిన రచనకు మాత్రం అచ్చయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. మారుపేరు వెనక ఉన్నది ఎవరో ఆ గడువులోపు బయటపడితే మళ్లీ మామూలు లెక్కే.

అనువాద కథల దగ్గర ఆగి చూడండి. మూల కథ రచయిత పోయి వందేళ్లయినా, తెలుగులోకి తెచ్చిన అనువాదకుడు మొన్నమొన్నటి మనిషి కావచ్చు. అనువాదంపై ఆయన హక్కు ఆయనకుంటుంది. రెండు పేర్లకూ విడివిడిగా లెక్క వేయాలి. అలాగే గడువు తీరిన రచయిత కథను కొత్త సంపాదకుడి ప్రతి నుంచి తీసుకుంటే, ఆ సంపాదకుడు రాసిన పీఠిక, వివరణలు, అట్టమీది బొమ్మ మీకు రావు. కథ పాఠం వరకే తీసుకోండి. వీలైతే పాత ముద్రణతో సరిచూసుకోండి.

ప్రవాస తెలుగువారికి ఒక మాట. ఇక్కడ గడువు తీరినంత మాత్రాన అమెరికాలో తీరినట్టు కాదు. పాత ప్రచురణలకు అక్కడి లెక్క చాలావరకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. పుస్తకాన్ని అక్కడ అచ్చువేసి అమ్మే ఉద్దేశం ఉంటే ఆ లెక్క కూడా వేసుకోవాలి.

హక్కు ఎవరిదో తేల్చుకోండి

పత్రికలో వచ్చింది కాబట్టి పత్రికను అడిగితే చాలనుకుంటారు. ఆ పత్రికలో ఉద్యోగం చేస్తూ, ఉద్యోగంలో భాగంగా రాస్తే పత్రికలో ప్రచురించే హక్కు యాజమాన్యానిది. బయటి నుంచి కథ పంపి పారితోషికం తీసుకున్న రచయిత మాత్రం, రాతపూర్వకంగా హక్కులు బదలాయించి ఉంటే తప్ప, ఏమీ వదులుకోలేదు. "ఈ కథ నా స్వంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు" అని జతచేసే హామీపత్రం హక్కుల బదలాయింపు కాదు. పోటీలకు పంపిన కథల విషయంలో నిబంధనల్లో ఏముందో, రచయిత దేనిమీదైనా సంతకం చేశారో ఒకసారి అడగండి.

ప్రచురణకర్త సంగతీ అంతే. సంతకం చేసిన ఒప్పందం ఉంటేనే హక్కు ఆయనది. మన దగ్గర ఇంకొక విశేషం ఉంది. మన కథాసంపుటాల్లో ఎన్నో రచయితలే సొంతంగా వేసుకున్నవి. అట్టమీద ప్రచురణ సంస్థ పేరున్నా అది రచయిత భార్య పేరో, పిల్లల పేరో, ఇంటి పేరో అయి ఉంటుంది. పుస్తకం తెరవగానే వచ్చే వివరాల పేజీని శ్రద్ధగా చదవండి. "సర్వహక్కులు రచయితవి", "ప్రథమ ముద్రణ 1000 ప్రతులు", "ప్రతులకు" అని ఉండే ఆ అర పేజీలో మీ పని సగం అయిపోతుంది.

రచయిత లేనప్పుడు చాలామంది పెద్దకొడుకును అడిగి ఊరుకుంటారు. అది చాలదు. విల్లు రాసి ఉంటే అందులో ఎవరి పేరుందో వారిదే హక్కు. విల్లు లేకపోతే కాపీరైటు కూడా ఇల్లూ పొలం లాంటి ఆస్తే. వారసులందరికీ వాటా ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం రచయిత భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి ఉంటే ఆమె, అందరూ సమాన హక్కుదారులే. పెళ్లయి వెళ్లిన కూతురు కూడా. రచయిత్రి అయితే భర్త, పిల్లలు. ఇతర మతాల కుటుంబాలకు వారి వారసత్వ చట్టాలు వర్తిస్తాయి. మా సంకలనంలో ఒక కథకు ముగ్గురి సంతకాలు కావలసి వచ్చింది. అన్నగారు "నేను చెబితే చాలు" అన్నారు. చెల్లెళ్లిద్దరికీ ఫోను చేస్తే, నాన్న కథ గురించి తమను అడిగిన మొదటి మనిషిని నేనేనన్నారు. అందరూ విడివిడిగా సంతకాలు చేయడం కష్టమైతే, మిగతావారు ఒకరికి అధికారమిస్తూ రాసిన ఉత్తరం జతచేయించుకోండి.

ఆచూకీ కోసం ఎక్కడ వెతకాలి

వివరాల పేజీలోని పాత చిరునామాకు ముందు ఒక ఉత్తరం వేసి చూడండి. ఇల్లు మారినా, ఆ వీధిలో తెలిసినవారు ఎవరో ఒకరు ఉంటారు. కథ మొదట ఎక్కడ అచ్చయిందో తెలియకపోతే శ్రీకాకుళంలోని కథానిలయం పెద్ద దిక్కు. కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన ఈ గ్రంథాలయం తెలుగు కథలను, కథకుల వివరాలను సేకరిస్తోంది. పాత పత్రికల సంచికలకు వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి.

మనుషుల ఆచూకీ మనుషుల దగ్గరే దొరుకుతుంది. ఆ రచయిత పుస్తకాలు అమ్మిన దుకాణాన్ని అడగండి. అమ్మకం డబ్బు పంపే చిరునామా వారి దగ్గర ఉంటుంది. ఆయన సంపుటికి ముందుమాట రాసినవారిని, ఆయనతో పనిచేసిన ఉపాధ్యాయులను, జిల్లా రచయితల సంఘాన్ని, ఆయన కథను ఇంతకుముందు చేర్చుకున్న సంపాదకుడిని అడగండి. అడిగేటప్పుడు "వారి నంబరు ఇవ్వండి" అనకండి. "నా నంబరు వారికి ఇచ్చి, ఫలానా పని మీద అడిగానని చెప్పండి" అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు, జవాబు కూడా త్వరగా వస్తుంది.

ఉత్తరం రాయండి

ముందు ఫోను చేసి మాట్లాడండి. హక్కులూ షరతులతో మొదలుపెట్టవద్దు. ఆ కథ మీకు ఎందుకు నచ్చిందో చెప్పండి. అది నిజంగా చదివినవారికే చెప్పడం వస్తుంది. అవతలివారు ఆ తేడా వెంటనే గుర్తుపడతారు. ఫోనులో సరేనన్నాక ఉత్తరం పంపండి. లైసెన్సు, అంటే ఇలా వాడుకోవడానికి ఇచ్చే అనుమతి, రాతపూర్వకంగా ఉండాలని చట్టంలోని సెక్షన్ 30 చెబుతోంది. నోటిమాట మీద వదిలేస్తే రేపు మాట ఇచ్చినవారూ ఉండరు, విన్నవారూ ఉండరు.

రాసేటప్పుడు మూడు విషయాలు తప్పక ఉండాలి, ఎందుకంటే మీరు రాయకపోతే చట్టం తనే నింపుకుంటుంది. ఎంత కాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని అర్థం. ఎక్కడ అమ్మవచ్చో రాయకపోతే భారతదేశం వరకే. ఇంకొకటి చాలామందికి తెలియదు: వేరే మాట రాసుకోకపోతే, తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడుకోకుంటే అది రద్దయిపోతుంది. మన పుస్తకాలు అనుకున్న సంక్రాంతికి రాక, మరుసటి సంక్రాంతికి కూడా రాని సందర్భాలు ఎన్నో చూశాం. అందుకని ఆ వెసులుబాటు ముందే అడిగి పెట్టుకోవాలి.

నేను వాడిన ఉత్తరం ఇది. మీకు తగినట్టు మార్చుకోండి.

*శ్రీమతి ……… గారికి నమస్కారం.*

*మీ నాన్నగారు ……… రాసిన "………" కథను మా జిల్లా కథల సంకలనంలో చేర్చుకోవాలని కోరుకుంటున్నాం. ఈ కథ మొదట ……… పత్రిక ……… సంచికలో వచ్చింది. తర్వాత ……… సంపుటిలో చేరింది. సంపుటిలోని పాఠాన్నే మేం తీసుకుంటాం.*

*పుస్తకం సుమారు 320 పేజీలు. మొదటి ముద్రణ 500 ప్రతులు. వెల 250 రూపాయలు. ప్రచురిస్తున్నవారు ………*

*మేం కోరుతున్నది ఈ ఒక్క కథను, తెలుగులో, ఈ సంకలనంలో మాత్రమే, అచ్చు పుస్తకంగానూ ఇ-పుస్తకంగానూ ప్రచురించే అనుమతి. ఇది మాకొక్కరికే ఇచ్చే హక్కు కాదు. ఈ కథను మీరు మరెవరికైనా ఇచ్చుకోవచ్చు. అనుమతి ఈ తేదీ నుంచి పదేళ్లపాటు, ఏ దేశంలో అమ్మినా వర్తించాలని కోరుతున్నాం. పుస్తకం ఆలస్యమైనా మూడేళ్లలోపు వెలువడితే ఈ అనుమతి చెల్లుబాటులో ఉండాలి. అనువాదం, ఆడియో, నాటకం, సినిమా హక్కులేవీ మేం అడగడం లేదు. అవి మీవే.*

*పారితోషికంగా ……… రూపాయలు, ఐదు ప్రతులు సమర్పించుకుంటాం. రెండో ముద్రణ వేస్తే ముందుగా తెలియజేసి, మళ్లీ రెండు ప్రతులు పంపుతాం.*

*అచ్చుతప్పులు తప్ప కథలో ఏదీ మార్చం. చివరి ప్రూఫు మీకు పంపుతాం. నాన్నగారి పేరు, ఇనిషియళ్లు, పరిచయ వాక్యాలు ఎలా ఉండాలో దయచేసి చెప్పండి.*

*ఈ కథపై హక్కులు ఇదివరకే ఎవరికైనా రాసి ఇచ్చి ఉంటే, లేదా మీ తోబుట్టువులకు ఇందులో భాగం ఉంటే, వారి వివరాలు తెలియజేయండి. మీకు సమ్మతమైతే కింద సంతకం చేసి ఒక ప్రతి మాకు పంపగలరు.*

దాని కింద హక్కుదారు సంతకానికి రెండు వాక్యాలు: "ఈ కథపై హక్కు నాది. పై షరతులకు సమ్మతించి అనుమతి ఇస్తున్నాను." పేరు, సంతకం, తేదీ. రెండు ప్రతులు పంపండి, ఒకటి వారి దగ్గర ఉండాలి. మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టండి. పెద్దవాళ్లకు ఇది చాలా మేలు. పిల్లలు విదేశాల్లో ఉంటే ఈమెయిలు సరిపోతుంది, కానీ జవాబులో షరతులన్నీ ఉన్న మీ ఉత్తరం కూడా కనిపించేలా చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన, బొటనవేలు పైకెత్తిన బొమ్మను అనుమతిగా పట్టికలో రాసుకోవద్దు. దేనికి సరేనన్నారో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

ఇనిషియళ్ల మాట ఎందుకు రాశానంటే, ఒక రచయిత భార్య ఉత్తరానికి జవాబుగా ఒకే ఒక్క షరతు పెట్టారు. ఇంతకుముందు రెండు పుస్తకాల్లో ఆయన ఇంటిపేరు తప్పు పడిందట. ఉత్తరం వెనక పక్క నీలం సిరాతో ఆ ఇంటిపేరును ఒక్కొక్క అక్షరం విడదీసి, పెద్దగా రాసి, కింద గీత గీసి పంపారు.

డబ్బు గురించి

చిన్న సంకలనాలకు చాలామంది ఏమీ అడగరు. అడగరు కాబట్టి ఇవ్వనవసరం లేదనుకోవడం నాకు నచ్చదు. కాగితానికి, ప్రెస్సుకు, అట్ట బొమ్మకు, ఆవిష్కరణ సభకు డబ్బు పెడుతున్నాం; కథకు మాత్రం చేతులు ముడుచుకుంటే ఎలా? ఎంతో కొంత బడ్జెట్లో ముందే పక్కన పెట్టండి. పేరున్నవారికి ఒకలా, లేనివారికి ఒకలా కాకుండా అందరికీ ఒకే మొత్తం ఇవ్వండి. వద్దన్నవారికి అదనంగా ప్రతులు పంపండి. ఎవరైనా మీ శక్తికి మించి అడిగితే మీ లెక్కలు దాచకుండా చెప్పండి. అప్పటికీ కుదరకపోతే ఆ కథ వదులుకోవాలి.

మార్పులు చేయాలనిపిస్తే

ఇది విడిగా చెప్పాల్సిన విషయం, ఎందుకంటే అనుమతి తీసుకున్నవారు కూడా ఇక్కడ తప్పు చేస్తారు. అచ్చువేయడానికి అనుమతి ఇచ్చారంటే కథను దిద్దడానికి ఇచ్చినట్టు కాదు. సెక్షన్ 57 ప్రకారం, హక్కులన్నీ ఇంకొకరికి అమ్మేసినా సరే, తన రచనకు తన పేరు ఉండాలని అడిగే హక్కూ, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కూ రచయితకు మిగిలే ఉంటాయి. రచయిత తర్వాత ఆయన ప్రతినిధులు కూడా వాటికోసం నిలబడవచ్చు.

మాండలికంలో రాసిన సంభాషణను "పాఠకులకు అర్థం కావాలి" అని పత్రికల భాషలోకి మార్చడం, కథ పొడుగైందని మధ్య పేరా తీసేయడం, పేరు ఆకర్షణీయంగా లేదని మార్చడం, ఇప్పుడు వాడకూడదనుకునే కులం మాటలను చెప్పకుండా కొట్టేయడం, ఇవన్నీ నేను చూసినవే. మీ కారణం మంచిదే కావచ్చు. దాన్ని ఉత్తరంలో రాసి అడగండి, ఏ పేజీలో ఏ వాక్యమో చూపించండి. అరసున్నలు తీసేయడం లాంటి చిన్న పనికైనా ముందుమాటలో ఒక వాక్యం ఉండాలి. మాండలిక పదం అర్థం కాదనిపిస్తే పేజీ కింద అర్థం ఇవ్వండి, కథలో చెయ్యి పెట్టకండి.

జవాబు రాకపోతే, మనిషే దొరకకపోతే

మౌనం అంగీకారం కాదు. "ఈ తేదీలోపు జవాబు రాకుంటే అంగీకరించినట్టు భావిస్తాం" అని రాసి పంపేవారున్నారు. అలా భావించే హక్కు మనకు లేదు. మూడు వారాలు ఆగి ఫోను చేయండి, ఇంకో నెల చూసి స్పీడ్ పోస్టులో మళ్లీ పంపండి, దగ్గరైతే వెళ్లి కలవండి. ఒంట్లో బాగాలేక, కళ్లు కనిపించక, ఉత్తరం బీరువాలో పెట్టి మరిచిపోయి ఆలస్యం చేసేవారే ఎక్కువ.

హక్కుదారు అసలే దొరకనప్పుడు చట్టంలో ఒక దారి ఉంది. సెక్షన్ 31ఎ ప్రకారం పత్రికలో ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసి, నిర్ణయించిన రాయల్టీ కట్టి లైసెన్సు పొందవచ్చు. ప్రకటన దేశంలో ఎక్కువ భాగంలో చదివే ఇంగ్లిషు దినపత్రికలో ఉండాలి. 500 ప్రతుల పుస్తకానికి ఆ ఖర్చూ, లాయరు ఫీజూ మోయలేని భారం. నా సలహా, ఆ కథను వదిలేయండి. మా 27లో ఒకటి అలాగే వదిలేశాం. అయితే మరుగున పడనివ్వలేదు. విమర్శ, సమీక్ష కోసం రచన నుంచి తగుమాత్రంగా ఉటంకించడానికి సెక్షన్ 52 అనుమతిస్తుంది. ముందుమాటలో ఆ కథ గురించి పేజీన్నర రాసి, రచయిత పేరు, అది వచ్చిన సంచిక చెప్పి, రెండు వాక్యాలు ఉటంకించాం.

సెక్షన్ 52ను అంతకంటే సాగదీయవద్దు. "ఉచితంగా పంచుతున్నాం", "లాభం కోసం కాదు", "రచయిత పేరు వేశాం కదా", "ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతోంది" అన్నవి పూర్తి కథను అచ్చువేసుకోవడానికి అనుమతులు కావు. పాఠ్య సంకలనాలకు ఉన్న మినహాయింపు కూడా చిన్న భాగాలకే. ఉల్లంఘనకు సెక్షన్ 63 ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా చెబుతోంది. లాభాపేక్ష లేకుండా జరిగినప్పుడు కోర్టు శిక్ష తగ్గించవచ్చు, అంతే. ఇంటర్నెట్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టిన రచనలు వేరు. వాటికి అనుమతి ముందే ఇచ్చారు. కానీ వ్యాపారానికి వాడకూడదనో, మార్చకూడదనో షరతులుంటాయి, ఏ రకం లైసెన్సో చదివి చూసుకోండి.

"వద్దు" అన్నవారిని ఒకసారి కారణం అడగవచ్చు, రెండోసారి ఒత్తిడి చేయకూడదు. ఒక రచయిత తన తొలినాళ్ల కథ ఇప్పుడు తనకే నచ్చడం లేదని, వేరే కథ ఇచ్చారు. అది ఇంకా మంచి కథ.

బొమ్మలు, ఫోటోలు, పాటలు, ఆడియో

బొమ్మకు చిత్రకారుడిని అడగాలి. బాపు 2014లో పోయారు, అంటే ఆయన గీత మీద హక్కు 2074 చివరి దాకా ఉంటుంది. ఫోటోకు మామూలుగా తీసినవారిది హక్కు. డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫోటో అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారిది. కుటుంబం ఇచ్చిన ఆల్బమ్ ఫోటో వాడటం సులువు. సినిమా పాట చరణాలు మొత్తంగా వస్తుంటే హక్కులు సాధారణంగా మ్యూజిక్ కంపెనీ దగ్గరో నిర్మాత దగ్గరో ఉంటాయి, అక్కడ అడగాలి.

కథలను చదివి యూట్యూబ్‌లో పెట్టడం ఇప్పుడు బాగా పెరిగింది. అచ్చుకు ఇచ్చిన అనుమతి దానికి పనికిరాదు. ఆడియో చేసే ఉద్దేశం ఉంటే ఉత్తరంలోనే విడి వాక్యంగా అడగండి, దానికి "అవును", "కాదు" అని రెండు గడులు పెట్టండి. అచ్చుకు సరేనని ఆడియోకు వద్దనే వెసులుబాటు వారికి ఉండాలి.

అచ్చుకు పంపే ముందు, వచ్చాక

వివరాల పేజీలో "సర్వహక్కులు సంకలనకర్తవి" అని వేయకండి. ఎంపిక, కూర్పు, మీరు రాసిన ముందుమాట మీవి. "ఈ సంకలనంలోని కథలపై హక్కులు ఆయా రచయితలవి, వారి వారసులవి" అని స్పష్టంగా రాయండి. ప్రతి కథ చివర మొదట వచ్చిన పత్రిక, తేదీ, అనుమతి ఇచ్చినవారి పేరు ఉండాలి; మొత్తం కలిపి ఒక పేజీలో కృతజ్ఞతలు చెప్పి చేతులు దులుపుకోవద్దు. ఉత్తరాలన్నీ స్కాన్ చేసి, అసలు ప్రతులు ఒక ఫైలులో పెట్టి, ప్రచురణకర్తకు ఒక నకలు ఇవ్వండి. మీ తర్వాత రెండో ముద్రణ వేసేవారికి అదే ఆధారం.

పట్టికలో చివరి గడి గురించి చెబుతానన్నాను కదా. పుస్తకాలు ప్రెస్సు నుంచి రాగానే మొదటి కట్ట హక్కుదారులదే. ఆవిష్కరణ సభ అయ్యాక చూద్దామంటే ఆ పని ఎప్పటికీ అవదు. మేం సభకు నాలుగు రోజుల ముందే ప్రతి కుటుంబానికీ ఐదేసి ప్రతులు, వారి కథ మొదలయ్యే పేజీలో చిన్న కాగితం పెట్టి పంపాం. అందాయో లేదో ఫోను చేసి అడిగి తేదీలు రాసుకున్నాం. ఇంటిపేరు విడదీసి రాసి పంపిన ఆవిడకు ఫోను చేస్తే, ముందు ఆగమన్నారు. కళ్లజోడు తెచ్చుకుని, పేజీ తీసి, అక్షరం అక్షరం పైకి చదివి, "సరిగ్గానే ఉంది" అన్నారు. ఆ గడిలో తేదీ వేసుకున్నాను.